ఊ కొట్టాల్సింది నేనే

మీరు ఫోన్లో నాతో మాట్లాడేటప్పుడు ఊ, ఊ అంటూ ఉంటారు. ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను ఇంకేదో తెర మీద. నాకు తెలుసులే, కోపమేం లేదు. గువాహటిలో పుట్టి పెరిగిన పిల్లలు, అవ్వ తెలుగులో చెప్పే సోది అంతసేపు వినడమే గొప్ప. కానీ ఆ ఊ ఉంది చూశారా, మన నెల్లూరు వైపు దాన్ని అంత తేలిగ్గా పారేసేవాళ్ళు కాదు. నా ఉద్యోగం చివరి ఏడాదిలో ఒక మధ్యాహ్నం ఆ ఒక్క అక్షరం నా నోట్లోంచి రాలేదు. ఆ సంగతి మీకు నేనే చెప్పాలి. మీ పెద్ద తాత చెబితే వేరేగా చెబుతాడు.

పల్లెల్లో పాటలు, కథలు రికార్డు చేసి దాచే సంస్థలో నేను పనిచేశానని మీకు తెలుసు. అదేం పని అని మీ అమ్మ చిన్నప్పుడు అడిగేది. వినడమే పని అని చెప్పేదాన్ని. బస్సు దిగి నడవడం, కథ చెప్పే మనిషి పొలం పోయి ఉంటే అరుగు మీద కాచుక్కూర్చోవడం, వచ్చాక వాళ్ళకు మన మీద నమ్మకం కుదిరేదాకా ఊరి కబుర్లు చెప్పుకోవడం. నా గొంతు మెత్తన కాబట్టి మనుషులు నా దగ్గర త్వరగా నోరు విప్పుతారని ఆఫీసులో పేరు. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నాతో ఎప్పుడూ రికార్డింగు చూసుకునే మెషినాయన ఒకడు వచ్చేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, లోకంలోని చప్పుళ్ళన్నీ తనను ఏడిపించడానికే పుట్టాయన్నట్టు మొహం పెట్టేవాడు. ఎవరైనా ప్రాణం పెట్టి పాడుతుంటే మధ్యలో చెయ్యెత్తి, "మేడం, ఈగ" అనేవాడు. ఈగ పోయేదాకా అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

ఆ ఏడాది మా దగ్గరికి మాలి దేశం నుంచి ఒకాయన వచ్చాడు. పడమటి ఆఫ్రికాలో సోనింకేలని ఒక జనం ఉన్నారు, ఆయన వాళ్ళలోవాడు. వాళ్ళలో పెద్ద వంశాల కథలు నోటితో కాపాడుతూ వచ్చిన ఇళ్ళుంటాయి. ఈయనది అలాంటి ఇల్లే. చదువుకుని పరిశోధకుడయ్యాడు. కరువు కథల కోసం వచ్చాడు. "కరువు కథలో ఎంతమంది చచ్చారన్నది మా వాళ్ళు పెద్దగా చెప్పరు," అన్నాడు మొదటిరోజే, ఇంగ్లీషులో, నెమ్మదిగా. "తిండి ఎవరి దగ్గర మిగిలింది, ఎవరికి పెట్టారు, ఆ పెట్టినందుకు ఎవరు ఎవరికి పెద్దయ్యారు, అదే చెబుతారు. మీ దగ్గర అలాంటి కథ ఉందా? పెట్టిన ఇల్లూ, తిన్న ఇల్లూ ఇంకా దగ్గర దగ్గర్లో ఉన్నది?"

ఉంది. నేను వెంటనే చెయ్యెత్తాను, బడిపిల్లలాగా. మా పుట్టింటి కథే అది.

ముత్తుకూరు దగ్గరి మా ఊళ్ళో మా ఇంటిని కరువులో అంబలి పోసిన ఇల్లని చెప్పుకుంటారు. ఎప్పటిదో పెద్ద కరువు. మా ముత్తాతల్లో ఒకాయన ధాన్యం దాచిన పాతర తెరిచి, ఊరికంతా అంబలి కాచి పోశాడు. కథలు చెప్పుకుని బతికే ఒక కుటుంబం ఆ అంబలి తాగి బతికింది. అప్పటినుంచి ప్రతి పంటకీ వాళ్ళు మా కళ్లంలోకి వచ్చి మా వంశం కథ పాడటం, మేం వడ్లు కొలిచి పెట్టడం. చిన్నప్పుడు నేను ఆ కథ వింటూ వడ్ల రాశి మీద నిద్రపోయేదాన్ని.

ఆ కథకు ఒక పద్ధతి ఉంది. పాడే మనిషికి ఎదురుగా మా ఇంటి మనిషి ఒకరు కూర్చుని ఊ కొట్టాలి. ఎవరు పడితే వాళ్ళు కొడితే చెల్లదు, మా రక్తమే కావాలి. ఊ అంటే వింటున్నానని కాదు. నిజమే, మాకూ తెలుసు, ముందుకు పో అని. ఊ రాకపోతే పాడే మనిషి అదే చరణం మళ్ళీ అంటుంది. అప్పటికీ రాకపోతే తాళాలు మూటగట్టుకుని లేచిపోతుంది. ఊ పడని కథ చెప్పినట్టు లెక్క కాదు.

ఇది చెప్పగానే మాలి ఆయన నవ్వాడు. వాళ్ళ దగ్గరా అంతేనట. పక్కన ఒకరు కూర్చుని "నామూ" అంటూ ఉండాలట.

కారులో ముత్తుకూరు వెళ్తూ ఆయన వాళ్ళ కథ ఒకటి చెప్పాడు. వానలిచ్చే పామును చంపినందుకు కరువొచ్చి జనం చెదిరిపోయారు. ఇద్దరు అన్నదమ్ములు ఆకలితో నడుస్తున్నారు. తమ్ముడు పడిపోయాడు. అన్న చాటుకు పోయి, తన తొడలోంచి కండ కోసి, కాల్చి తెచ్చి తినిపించాడు. తర్వాత అన్న కుంటడం చూసి తమ్ముడికి విషయం తెలిసింది. ఇక నీ పేరు పాడుతూ బతుకుతాను అన్నాడు. ఆ తమ్ముడి పిల్లలే పాడేవాళ్ళయ్యారు, అన్న పిల్లలు పాడించుకునేవాళ్ళయ్యారు.

"అచ్చం మా కథే," అన్నాను.

"బయట చెప్పేది అలాగ," అన్నాడాయన. "మా నాయనమ్మ వంటింట్లో వేరేగా చెప్పేది. తొడ కోసింది తమ్ముడేనట."

మెషినాయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "మరి కుంటింది ఎవరు సార్?" అని అడిగాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు చెవులు వేడెక్కుతాయి.

మా అన్న, అంటే మీ పెద్ద తాత, టెంటు వేయించి కుర్చీలు తెప్పించాడు. కళ్లం ఎప్పుడో పోయింది. వరి కయ్యలన్నీ రొయ్యల గుంటలయ్యాయి. మేత బస్తాలు పెట్టుకునే కాస్త మెట్ట మిగిలింది, పాత కళ్లం అదేనని అన్న చూపించాడు. గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. నీళ్ళను చిలికి రొయ్యలకు గాలి అందించే యంత్రాలవి. ఆ హోరుకు మాట వినపడటం లేదు. మెషినాయన చెవులు పట్టుకుని నా వైపు చూశాడు.

"ఆపించేస్తాలేమ్మే," అన్నాడు అన్న. "కొంచెంసేపైతే ఏం కాదు. ఎక్కువసేపైతే మాత్రం రొయ్యలు తేలిపోతాయి. మన కథ అంతసేపు పట్టదు గదా."

పాడే ఆమె వెంకటాచలం వైపు నుంచి ఆటోలో వచ్చింది. నాకన్నా పెద్దది. చేతిలో తాళాల మూట, ఇంకో చేతిలో ఒక స్టీలు క్యారియరు. పంట పోయి రొయ్య వచ్చాక మేం వడ్లు కొలవడం మానేశాం. ఆమె రావడమూ మానేసింది. చాలా ఏళ్ళకు కబురు పెడితే, వస్తానంది. ఒక్కటే అడిగింది, మొత్తం కథ పాడనిస్తారా అని. అంతకంటేనా, అన్నాను. మొత్తం అంటే ఆమె దేన్ని అంటున్నదో నేను అడగలేదు.

పాటకు ముందు భోజనం పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. అన్న రొయ్యల వేపుడు, చేపల పులుసు చేయించాడు. ఆకు వేశారు. ఆమె కూర్చోలేదు.

"తినొచ్చినా నాయనా," అంది.

"అదేంది?" అన్నాడు అన్న. "మా ఇంట్లో తినకుండా మా కథ పాడేదేంది? ఎప్పుడన్నా జరిగిందా?"

"ఎప్పుడూ జరగలా పెద్దయ్యా. అందుకే ఈరోజు తినొచ్చినా."

"క్యారియరేంది మరి?"

"అది నాక్కాదులే."

అన్నకు మొహం ముడుచుకుంది. నేను మధ్యలో దూరి, అక్కా రెండు ముద్దలైనా తినక్కా, ఆకు వేశాక లేవకూడదు, అని మెత్తగా బతిమాలాను. ఆమె నవ్వి నా చెయ్యి తట్టింది. ఆమె ఎందుకు తినడం లేదని మాలి ఆయన అడిగాడు. ఉపవాసం అయ్యుంటుంది అని చెప్పాను. అంతకాలం మనుషుల మాటలు వినడమే నా పనిగా బతికాను, నా కళ్ళముందు చెప్పిన మాటకు ఆ అర్థం చెప్పాను. ఆయన మాత్రం తన ఆకు వైపు చూసుకుని, అన్నం కలపడం ఆపేశాడు.

ఏరియేటర్లు ఆపారు. ఒక్కసారిగా గాలి, దూరంగా ఓడ కూత, అంతే. మెషినాయన బొటనవేలు ఎత్తాడు. ఊ కొట్టాల్సింది అన్నే. కానీ, "నాది బొంగురు గొంతు, నువ్వు కొట్టు. ఆ దేశంలో నీ గొంతే వినపడనీ," అని నన్ను కూర్చోబెట్టాడు.

ఆమె మొదలుపెట్టింది. వాన రాని మొదటి ఏడు. ఊ. బావుల్లో బురద. ఊ. పశువులను తోలేసిన రోజు. ఊ. అన్నీ నాకు తెలిసిన చరణాలే, పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి. మా ముత్తాత పాతర దగ్గరికి నడిచాడు. ఊ. మూత మీది మట్టి తీశాడు. ఊ. ఇక్కడ పాతరలోంచి వడ్లు పొంగి రావాలి. చిన్నప్పుడు ఈ చరణానికే నేను నిద్రలో కూడా నవ్వేదాన్నట.

ఆమె తాళాలు ఆపి, గొంతు తగ్గించింది.

"మూత దీసి జూస్తే మన్నే గదా తల్లీ,
అడుగునున్నదంతా మన్నే గదా."

నేను ఊ అనలేదు. ఆమె తప్పు పాడిందనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. పెద్దామె, చాలా ఏళ్ళు పాడలేదు, చరణం తప్పింది పాపం అని.

ఆమె మళ్ళీ అంది. ఈసారి పాడలేదు, మామూలుగా మాట్లాడినట్టు నా మొహంలోకి చూసి చెప్పింది. పాతరలో ధాన్యం చెమ్మ పట్టి మన్నయిపోయింది. మీ ముత్తాత తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నాడు, ఊరికి మొహం చూపించలేక. మా ముత్తవ్వ అల్లి దుంపలు తవ్వి, తేగలు ఉడకేసి, కుండలో పెట్టుకుని మీ దొడ్డి తలుపు దగ్గరికి తెచ్చేది. మీ ముత్తవ్వ గోడవైపు తిరిగి తినేది. కరువంతా అట్నే జరిగింది, ఊరు వలసపోయింది గాబట్టి చూసినోళ్ళు లేరు. వానలొచ్చినాక మీ ముత్తవ్వ కాళ్ళమీద పడి అడిగింది. మీరే పెట్టినారని చెప్పబాకండి, మేం పెట్టినామని పాడండి, మా గడప నిలబడాలి, ప్రతి పంటకీ గింజలు కొలుస్తాం అని.

"ఆ మాట మీద పాడినాం, తల్లీ. మా పిలకాయలకు కూడా తిన్నోళ్ళమనే చెప్పినాం. మీరు గింజలు కొలిచినన్నాళ్ళూ పాడినాం. మీరు ఆపేసినారు. ఇంగ నా మనవళ్ళకు నిజం తెలియాల గదా. నేను పోతే ఇది చెప్పేదానికి ఎవురూ లేరు. ఊ అను."

ఆమెకు కావాల్సింది అదొక్కటే. వడ్లు అడగలేదు, క్షమాపణ అడగలేదు. మా రక్తం ఊ అంటే ఆమె ఇంటివాళ్ళు తిన్నవాళ్ళు కాదు, పెట్టినవాళ్ళవుతారు.

మీరనుకోవచ్చు, అవ్వకు నమ్మకం కలగలేదేమో అని. కలిగింది పిల్లలూ. అప్పటికప్పుడే కలిగింది. మా ఇంట్లో ఆడవాళ్ళు ఎవరిముందూ తినరు. మా అమ్మ గోడవైపు తిరిగే తినేది. అది మర్యాద అని మాకు నేర్పారు. నేనూ చాలాకాలం అలాగే తిన్నాను. అది ఎక్కడ మొదలైందో ఆ క్షణంలో నాకు అర్థమైపోయింది. అర్థమయ్యే నోరు మూసుకున్నాను. అన్న పక్కనే ఉన్నాడు, ఊరివాళ్ళు ఉన్నారు, పరదేశం మనిషి ఉన్నాడు. మెషిను తిరుగుతోంది.

అన్న లేచాడు. "ఏరియేటర్లు ఎయ్యండ్రా! రొయ్యలు చస్తన్నాయి!" అని గుంటల వైపు కేకేశాడు.

ఒక్కొక్కటే అందుకున్నాయి. ఆ హోరులో ఆమె పెదవులు కదులుతున్నాయి. మెషినాయన చెయ్యెత్తాడు గానీ, ఏమని చెబుతాడు? మేడం, మీ అన్న అని చెప్పలేడు కదా.

అప్పుడు మాలి ఆయన కుర్చీలోంచి దిగి, నా పక్కన నేలమీద కూర్చుని, హోరును దాటేలా గట్టిగా, "నామూ!" అన్నాడు.

ఆమె ఆయనవైపు తిరిగింది. మొహమంతా నవ్వు. నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి ఆమె మాట నాకు వినపడింది. "చల్లగుండు నాయనా. అయితే మా కుండలోది నువ్వు తినలా గదా. తిన్నోళ్ళు అనాల."

తాళాలు మూటగట్టింది. క్యారియరు అందుకుని, నా ముందు ఒక్క క్షణం నిలబడింది. ఆ క్యారియరు ఎవరికోసం తెచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. నేను చెయ్యి చాపలేదు. ఆమె గుంటగట్టు మీదుగా నడిచి రోడ్డెక్కింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో మెషినాయన, "కుంటింది ఎవరో తెలిసింది మేడం," అన్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. మాలి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఏదో ఒక జవాబు వెతుక్కునేదాన్ని. నా రిటైర్మెంటు సభలో, ఈమె ముందు నోరు విప్పని మనిషి లేడు అని పొగిడారు. నేను దండ సర్దుకుంటూ కూర్చున్నాను.

పోయిన నెల వెంకటాచలం వెళ్ళాను, ఒక్కదాన్నే. హైవే పక్కన చిన్న సిమెంటు ఇల్లు. ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినావా," అంది. "తిన్నావా?"

"తినలేదక్కా. నీ దగ్గర తిందామనే వచ్చాను."

లోపలికి పోయి కంచం తెచ్చింది. అల్లి దుంపలు ఇప్పుడెక్కడ దొరుకుతాయి, రేషను బియ్యం అన్నం, ఎండుచేపల పులుసు. కంచం నా చేతికిచ్చి, ఎదురుగా చతికిలబడింది.

"గోడవైపు తిరిగి తింటావా, నా వైపు తిరిగి తింటావా?"

ఆమె వైపే తిరిగి తిన్నాను. నాకు ఆ అలవాటు లేదు. పులుసు బాగుందా అంటే బాగుందన్నాను. ఉప్పు ఎక్కువైంది, అది కూడా మీకు చెబుతున్నాను, ఇక ఏదీ దాచదలుచుకోలేదు. తిన్నాక ఆమె పాడింది. మూత తీసిన దగ్గర్నుంచి. ఊ. మన్నే గదా తల్లీ. ఊ. దొడ్డి తలుపు. ఊ. చివరిదాకా పాడింది, చివరిదాకా అన్నాను. నా కళ్ళు కారుతున్నాయి, మనసు తేలికైపోతోంది.

అయిపోయాక ఆమె చేతులు దులుపుకుంది. "బాగుండాది. ఎవురన్నా విన్నారా?"

చుట్టూ చూశాను. రోడ్డు మీద లారీల మోత. ఇంట్లో మేమిద్దరమే. మనవళ్ళు పనులకు పోయారు. ఇందాక వచ్చేటప్పుడు, అదృష్టం, చూసేవాళ్ళు ఎవరూ లేరు అనుకుంటూనే నేను గడప దాటి లోపలికి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. మా ముత్తవ్వ దొడ్డి తలుపు దగ్గర తింది. నేను దొడ్డి తలుపు దగ్గర ఊ అన్నాను. తేడా ఏముంది?

ఆమె నన్ను తిట్టలేదు. "మళ్ళీ రా," అంది అంతే.

మొన్న అన్నకు ఫోన్ చేశాను. నెలాఖరుకు రొయ్యలు పట్టేసి గుంటలు ఎండగడతారని నాకు తెలుసు. ఏరియేటర్లన్నీ ఊడదీసి గట్టుమీద పెడతారు, తిప్పమన్నా తిరగవు.

"అన్నా, గుంటలు ఎండినాక ఆమెను తీసుకొస్తాను. ఆమె మనవళ్ళు కూడా వస్తారు. ఊరిని పిలువు. ఊ నేను కొడతాను."

ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

"నీకు పిచ్చిపట్టిందా ఏందమ్మే?" అన్నాడు చివరికి. "నాయన పేరేం గావాల?"

"ఆ పేరు కోసమే అమ్మ గోడవైపు తిరిగి తినేది గదన్నా."

ఎటూ తేల్చుకోలేనప్పుడు మగవాళ్ళు అడిగే మాటే అడిగాడు. "అంతమందికి భోజనాలు ఎవరు చూస్తారు?"

"ఆమే వండి తెస్తుందంట."

ఈసారి నిజంగానే పెట్టేశాడు. కుర్చీలు వేయిస్తాడో, గేటుకు తాళం వేస్తాడో నాకు తెలీదు. నాకు భయంగానే ఉంది. తాళం వేస్తే రోడ్డు మీదే కూర్చుంటాం. ఆ రోజు మీకు వీడియో కాల్ చేస్తాను. సిగ్నల్ ఉంటే, మీ పని మీరు చేసుకోకుండా, కాసేపు నా మొహం చూడండి. మీదీ ఆ రక్తమే. అవ్వ గొంతు ఆగిపోతే మీరు అందుకోవాలి.

ఆమెకు కూడా చెప్పేశాను, ఈసారి క్యారియరు చాలదక్కా, పెద్ద కుండ తీసుకురా అని.